నాన్న మడమ లోతు

మా అమృతలూరు వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. ఎప్పుడు చల్లాలో తేల్చేది మా నాన్న మడమ. చెప్పులు విడిచి చేలోకి దిగి, మడమతో ఒక్క నొక్కు నొక్కి, పడిన గుంటను బట్టి నేల తడి చూసి "రేపు చల్లొచ్చు" అనేవాడు. ఇరుగుపొరుగు రైతులు కూడా ఆ మాట కోసం కాచుకునేవాళ్ళు. నాకు మాత్రం అదంతా గొప్పలు పోవడంలాగే ఉండేది.

బాపట్లలో వ్యవసాయం ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు ఆ మడమనే పరిశోధనలోకి లాగాను. మా ఊరి నుంచి రేపల్లె దాకా ఇరవై చేలు తిరిగి, చల్లే రోజున నా మడమతో గుంట చేసి, స్కేలుతో లోతు కొలిచాను. పంట చేతికొచ్చాక మినుముల దిగుబడి రాసుకున్నాను. లోతుకీ దిగుబడికీ సహసంబంధం లేదన్న పరికల్పనను కొట్టిపారేసేంత ఆధారం దొరకలేదు. కనిపించిన కాస్త పోలికా యాదృచ్ఛికంగానే వచ్చి ఉండొచ్చన్నట్టు, పీ విలువ ఐదు శాతం గీతకు చాలా పైనే ఉంది. ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేక, తెనాలి బస్టాండు నుంచే ఫోన్ చేశాను.

"నాన్నా, నీ మడమకీ పంటకీ ఏ సంబంధమూ లేదు. లెక్కలో తేలిపోయింది."

"అంతేనంటావా?" అన్నాడు. వెంటనే ఒప్పేసుకున్నాడు. నా చదువంటే ఆయనకు అంత నమ్మకం.

మరుసటి ఏడు ఆయన చెప్పులు విడవలేదు. కోత కూలీలు వచ్చే రోజు చూసుకుని, గట్టు మీద నుంచే మినుములు చల్లించేశాడు. గింజంతా బురదలో కుళ్ళిపోయింది. "ఈసారి తడి ఎక్కువలే అమ్మా" అని తిరిగి నాకే సర్దిచెప్పాడు.

ఆ వారమే మా గైడ్ మేడమ్ నా థీసిస్ తిరగేస్తూ, "గ్రాఫ్ గీశావా?" అని అడిగింది. గీయలేదు. ఆవిడ ముందే కూర్చుని చుక్కలు పెట్టాను. లోతు తక్కువున్న చోట దిగుబడి తక్కువ, బాగా ఎక్కువున్న చోటా తక్కువే, నడుమ ఎక్కువ. చుక్కలన్నీ బోర్లించిన మూకుడులా ఉన్నాయి.

"ఒకటి పెరిగేకొద్దీ రెండోది తిన్నగా పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదొక్కటే నీ పరీక్ష అడిగింది. అందుకు ఆధారం లేదంది. అసలు సంబంధమే లేదని ఎవరన్నారు?"

నేనే అన్నాను. తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి గ్రాఫ్ నాన్న ముందు పరిచాను. చేను పోయింది నా మాట వల్లేనని చెప్పి ఏడ్చేశాను. ఆయన చుక్కల మీద వేలు నడిపించి, సరిగ్గా నడుమ ఆపాడు.

"ఇదిగో, ఇక్కడ చల్లాలి. మరీ దిగితే కుళ్ళిపోద్ది, దిగకపోతే మొలవదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా నాన్నా?"

ఆయన నవ్వి నా తల నిమిరాడు.

"ఇరవై చేలు కొలిచావు కదమ్మా. నన్నొక్కసారైనా అడిగావా?"