మడిచిన అట్ట

ఆ రోజు మెట్ల మీద నా స్నేహితుడు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. మిగతా సగం ఒక్క మాట. దాన్ని నోటిదాకా తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టింది.

మేమిద్దరం ఎల్‌బీ నగర్‌లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ఫర్నిచర్ చేస్తాం. షోరూము లేదు. ఎవరింటికి తగ్గట్టు వాళ్లకు గీసి, చేసి ఇస్తాం. ఆయనది నల్లగొండ వైపు, నాకంటే కాస్త పెద్దవాడు. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి, నేను అండీ అన్నప్పుడల్లా ఆయనా సాగదీసి అండీ అని ఆటపట్టిస్తాడు. కాగితం మీద గీత ఆయనది. కొలతలు తెచ్చేదీ, సరుకు మోసేదీ నేను.

ఆయనకో పద్ధతి ఉండేది. చెక్క మీద రంపం పెట్టేముందు అదే వస్తువును అసలు సైజులో అట్టతో చేయాలి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల వెనక పడేసే ఫ్రిజ్ డబ్బాలు తెచ్చుకునేవాళ్లం. ఆ అట్ట బల్లను ఇంటివాళ్ల గదిలో పెట్టి, ఒక పూట దాని చుట్టూ మసలమనేవాళ్లం. ఒకాయన మురిసిపోయి దాని మీద మోచేతులు ఆనించి, బల్లతో సహా కింద పడ్డాడు. ఆర్డరు మాత్రం ఇచ్చాడు. ఈ పద్ధతిలో ఒకటే నియమం: అట్టను మడవకూడదు. రేపు చెక్క ఏ దారిలో వెళ్తుందో, ఈ రోజు అట్ట ఆ దారిలోనే నిండుగా వెళ్లాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ టీచరుగారు భోజనాల బల్ల అడిగారు. అన్న దగ్గర రెండు పెద్ద పలకలున్నాయి. విజయవాడ రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన వేపచెట్టువి. అతుకు లేకుండా ఒకే పలకతో బల్ల చేయాలని ఆయనకు ఎప్పట్నుంచో కోరిక. కాళ్లను కూడా చెక్కలో చెక్క దూర్చి బిగించాలనుకున్నాడు. ఒకసారి బిగిస్తే ఇక ఊడవు.

అట్టను నేనొక్కణ్ణే తీసుకెళ్లాను. షేర్ ఆటోలో పట్టలేదు. మధ్యకు మడిచాను. మెట్లు కూడా అలాగే ఎక్కించి, టీచరుగారు తలుపు తీసేలోపు విప్పి నిలబెట్టాను. గదిలో దివ్యంగా అమరింది.

అసలు బల్ల మాత్రం మెట్ల మొదటి మలుపులోనే ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. బాల్కనీలకన్నిటికీ ఇనుప గ్రిల్సే, తాడు కట్టి లాగే వీలు కూడా లేదు. బిల్డింగ్ అంతా దాని కింద నుంచి పాకుతూ రాకపోకలు సాగించింది. ఆఫీసుకు బయల్దేరిన పెద్దమనిషి ఒకాయన టిఫిన్ డబ్బా ముందు తోసి, వెనక తాను దూరుతూ, ఓటర్ కార్డుల అడ్రస్ మార్పించుకోండ్రి, ఇంక మీ ఇల్లు ఇదే అన్నాడు. టీచరుగారు టీ కప్పులు తెచ్చి ఆ బల్ల మీదే పెట్టారు. "ఎలాగూ టేబులిక్కడే ఉంది కదండీ, తాగండి," అన్నారు. అందరూ నవ్వారు.

అన్న నవ్వలేదు. నా వైపు తిరిగి అడిగాడు: "అట్ట గీ మెట్లెక్కే పోయింది గద తమ్మీ?"

"పోయిందన్నా."

ఆయన కాసేపు మలుపు వైపు చూశాడు. తర్వాత అందరి ముందూ, తప్పు నా గీతది, నేనే సరిగ్గ చూడలే అని టీచరుగారికి చెప్పుకున్నాడు. రంపం తెప్పించి, ఆ పలకను తన చేతులతోనే రెండుగా కోశాడు. నేను అవతలి చివర పట్టుకున్నాను.

ఆ తర్వాత మా బల్లలన్నీ రెండు ముక్కలే, మధ్యలో కీళ్లు. జనానికి నచ్చాయి కూడా. అన్న మాత్రం అట్టలు మానేశాడు, ఒకే పలక అన్న మాట మానేశాడు. రెండో పలక షెడ్డు గోడకు ఆనుకుని ఉండిపోయింది.

మొన్న నాదర్‌గుల్‌లో కొత్తిల్లు కట్టుకున్న దంపతులు వచ్చి ఆ పలకను చూశారు. దీన్ని కోయకుండా బల్ల చేస్తారా అని అడిగారు. అన్న తనతో కాదన్నాడు. వాళ్లు వెళ్లాక, దర్వాజాలు చేసే ఒకాయనకు ఫోన్ చేసి, ఆ పలకను మర్నాడు వచ్చి కోసుకుపొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, ఆ పలక సైజులో నేనే అట్టతో బల్ల చేశాను. దాన్ని నాదర్‌గుల్ ఇంటికి తీసుకెళ్లడానికి ట్రాలీ ఆటో పిలిచాను. అన్న వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"గింత అట్టకు ట్రాలీ ఎందుకురా? మడిచి మామూలు ఆటోల ఏస్కపో."

"ఆ రోజు అదే చేశానన్నా," అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. షేర్ ఆటో దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"నేనిన్నేండ్లు నా చెయ్యిని తిట్టుకుంటున్న గదరా," అన్నాడు, తన అరచేతిని చూసుకుంటూ.

"నీ గీతలో తప్పు లేదన్నా. మడిచింది నేను. నువ్వడిగినప్పుడు దాచింది నేను. అంతమంది ముందు నువ్వు తప్పు ఒప్పుకుంటుంటే, అవతలి చివర పట్టుకుని ఊరుకున్నదీ నేనే. నన్ను క్షమించన్నా. ఆ పలకను కోయనివ్వకు."