లింకర్ ఎర్రర్‌కు అమ్మ చెప్పిన వడ్డన వరస

మహాజనులారా, ఈ రోజు బూర్గంపాడులో ఒక చారిత్రక ఘట్టం జరిగింది. గోదావరి వరద ఎత్తును అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి నా లాప్‌టాప్‌లో నేనే కంపైల్ చేశాను.

సాయంత్రంలోగా అది నడవకపోతే కాలేజీ ప్రాజెక్టును వేరే బ్యాచ్‌కు ఇచ్చేస్తానని గైడ్ సారు తేల్చి చెప్పారు. పొద్దున్నుంచీ, కోడ్ ముక్కలన్నిటినీ కలిపి కుట్టే లింకింగ్ దగ్గర ఒకటే ఎర్రర్: ఫలానా ఫంక్షన్ దొరకలేదని. ఆ ఫంక్షన్ ఉన్న లెక్కల లైబ్రరీ ఫైలు మాత్రం కళ్లెదుటే ఉంది.

అడ్డాకులతో విస్తళ్లు కుడుతున్న అమ్మ నన్ను చూసింది. "ఏందిరా, గట్ల మొఖం పెట్టినవ్?"

"లింకర్ ఫైళ్ల వరస ఎంబడి ఒక్కసారే పోతదమ్మా, మళ్ల ఎనుకకు రాదు. లెక్కల లైబ్రరీ అందరికీ ఇచ్చే పెద్దమనిషి గదా అని మర్యాదకు ముందల పెట్టిన."

"పెద్దమనిషైతే ఏంది? బంతిల ఎవలూ కూసోకముందే పప్పు గిన్నె తిప్పితే ఎవలకు పెడ్తడు? అడిగేటోళ్లను ముందు కూసోబెట్టు, బిడ్డా!"

లెక్కల లైబ్రరీని వరస చివరకు పంపాను. ఎర్రర్ పోయింది, సాఫ్ట్‌వేర్ నడిచింది, ప్రాజెక్టు నాకే మిగిలింది. సారు ఫోన్‌లో శభాష్ అన్నారు, నేను వినయంగా స్వీకరించాను.

ఇప్పుడు ఒకటే సందేహం. ప్రాజెక్టు రిపోర్టులో గైడ్ పేరు రాసే చోట ఇద్దరి పేర్లు పడతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.