ఆరో గూడు

హాస్కెట్ తుపాకుల కొట్లోకి వెర్లా స్ట్రౌడ్ అడుగుపెట్టేసరికి ఆమె మరిది ఆరిన్ బల్ల మీద మోచేతులు ఆన్చి కాఫీ తాగుతున్నాడు. ఆమెను చూసి కప్పు కూడా దించలేదు.

"మళ్ళీ తుపాకీ పట్టుకుందామనే వచ్చావా? ఆ చేతులకు భయం లేదా?" అన్నాడు.

వెర్లా అతన్ని దాటి హాస్కెట్ ముందుకు నడిచింది. భర్త డెల్ పోయిన ఈ పదకొండు నెలల్లో ఇలాంటి మాటలు ఆమెకు అలవాటైపోయాయి.

కిందటి జూన్‌లో ఒక పొద్దున డెల్ గుర్రానికి జీను వేస్తున్నాడు. పట్టీ బిగించడానికి కాలు పెట్టే రికాబును పైకెత్తి జీను ముందుండే కొమ్ముకు తగిలించాడు. అది జారి, నడుమున ఒరలో ఉన్న రివాల్వర్ వెనక తూటాను పేల్చే సుత్తి మీద పడింది. తాతల నాటి రకం రివాల్వర్ అది. తూటాలకు ఆరు గూళ్ళున్నా ఐదింట్లోనే తూటాలు పెట్టి, ఖాళీ గూటిని సుత్తి కిందికి తెచ్చి ఉంచుకోవాలి, లేకుంటే సుత్తికి దెబ్బ తగిలినా పేలుతుంది. ఆ లోయలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఆ పొద్దున మాత్రం ఆరూ నిండి ఉన్నాయి. గుండు తొడలోంచి దిగిపోయింది. ఆసుపత్రి అరవై మైళ్ళ దూరం. డెల్ నలభై మైళ్ళే వెళ్ళగలిగాడు.

ఆ ఇంట్లో తుపాకులు తుడిచేది వెర్లాయే, ఇనుప పెనం తుడిచినంత మామూలుగా. ముందురోజు సాయంత్రం తుడిచి ఐదు పెట్టింది. తెల్లారాక ఆరిన్ వచ్చి, అదే రివాల్వర్‌తో కొట్టం దగ్గర నేల ఉడతల మీద రెండు కాల్చి, మళ్ళీ తూటాలు పెట్టి అన్నకిచ్చాడు.

"రెండు కాల్చాను, రెండే పెట్టాను. ఆరోది ముందే ఉంది," అని షెరీఫ్‌తో చెప్పాడు. పశువుల సంఘంలో చెప్పాడు. చర్చి మెట్ల మీద చెప్పాడు. నోరున్నవాడిదే ఊరు. మొగుణ్ణి చంపుకున్న మనిషి అన్న పేరు వెర్లాకు మిగిలింది.

ఇప్పుడు వేసవి మేతకు పశువులను కొండ మీదికి తోలే రోజులొచ్చాయి. డెల్ ఏటా వెళ్ళే మకాం అది. ఈసారి తాను వెళతానని ఆమె సంఘాన్ని అడిగింది. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒరలో తుపాకీ లేకుండా ఎవరూ వెళ్ళరు. ఆమె చేతికి తుపాకీ ఇస్తే తన పశువులను పంపనని ఆరిన్ అడ్డం తిరిగాడు. శనివారం సంఘం తేలుస్తుంది.

ముసలి హాస్కెట్ బల్ల మీద గుడ్డ పరిచి ఒక చిన్న రివాల్వర్ పెట్టాడు. "ఇది తేలిగ్గా ఉంటుంది, వెర్లా."

"తేలికది పేలిస్తే చేతిని తంతుంది. నాకు నలభై నాలుగు సైజు గుండుది చూపించండి."

"అబ్బో, నలభై నాలుగే," అన్నాడు ఆరిన్ కప్పులోకి చూస్తూ. "ఇంటిగోడ కూల్చాలా?"

హాస్కెట్ మూడు తీశాడు. ఏడున్నర అంగుళాల గొట్టం గురికి బాగా కుదురుకుంది గానీ, ఒరలోంచి లాగేటప్పుడు మోచెయ్యి చెవి దాకా లేవాల్సి వచ్చింది. గుర్రం మీద కూర్చుంటే తుంటిలో పొడుచుకునేదే. నాలుగంగుళాలది చటుక్కున బయటికొచ్చింది. అయితే గురి చూస్తే గొట్టం కొసనున్న గురిముక్క కుదురుగా నిలవలేదు. మూడోది ఐదున్నర అంగుళాలది, నల్లటి ఉక్కు, చెక్క పిడి. పిండిముద్ద పట్టినట్టు అరచేతిలో ఒదిగింది.

"ఇది కాల్చి చూస్తాను."

కొట్టు వెనక మట్టికట్ట కింద ఇనుప పలకలు వేలాడుతున్నాయి. వెర్లా ఐదు కాల్చింది. నాలుగు మోగాయి, ఐదోది మట్టిలో దిగింది.

"ఎలుగుబంటి దగ్గర కూడా ఒకటి వదిలెయ్, మర్యాదగా ఉంటుంది," అన్నాడు ఆరిన్. "జరుగు. ఎలాగో చూపిస్తా."

తేడా చూపిద్దామని హాస్కెట్ ఒక పాతరకం రివాల్వర్‌ను కూడా తెచ్చి అక్కడి బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. కొత్తదాంట్లో సుత్తికి అడ్డుపట్టీ ఉంటుంది కాబట్టి ఆరూ నింపుకోవచ్చు. పదేళ్ళుగా ఆరిన్ నడుమున వేలాడేది కొత్తరకమే.

చేతికందింది తీసుకుని, మాట్లాడుతూనే తూటాలు పెట్టాడు. "చూడు, ఆడవాళ్ళు చేసే తప్పేంటంటే, మీట గుంజేస్తారు. నొక్కాలి." బొటనవేలు దానంతటదే కదిలింది. గూడు తిరిగింది, తూటా దిగింది. ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ దిగింది. మూత వేసి నడుము పట్టీలో దోపుకున్నాడు.

"ఆగు," అన్నాడు హాస్కెట్. "అది పాతది."

"తెలుసు."

"ఎన్ని పెట్టావు?"

"ఐదు."

"తీసి చూపించు."

ఒక్కొక్కటే బల్ల మీద పడ్డాయి. ఐదు పడ్డాక ఆరిన్ చెయ్యి ఆగింది. హాస్కెట్ అందుకుని ఆరోది తానే దించాడు.

వెర్లా తూటాలను చూడలేదు, ఆ బొటనవేలినే చూస్తోంది.

"ఆ రోజు కూడా మాట్లాడుతూనే పెట్టావు," అంది. "నీ కొత్త ట్రక్కు గురించి. వంటింట్లోకి వినబడింది."

"ఏదో ఒకసారి పొరబడితే..."

"ఒకసారి కాదు. ఇది రెండోది."

ఆరిన్ ముఖం ఎర్రబడింది. "మా అన్న చావు నా నెత్తిన పెడదామనా?"

"పదకొండు నెలలు నా నెత్తినే ఉంది. బరువెంతో నీకూ తెలుస్తుందిలే. శనివారం చెప్పు. సంఘంలో నా మీద ఎక్కడ చెప్పావో అక్కడే."

"చెప్పకపోతే?"

"నేను లేచి చెప్తా," అన్నాడు హాస్కెట్.

"మా ఇంటి గొడవలో నువ్వెవరివి?"

"ఆరూ లెక్కపెట్టినవాణ్ణి."

శనివారం ఆరిన్ లేచి నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు. "ఆరోది నేనే పెట్టాను." ఆ మూడు మాటలే అని కూర్చున్నాడు. ఎవరో దగ్గారు. ఇన్నాళ్ళూ ఆమెను చూసి చర్చి మెట్ల మీద ముఖం తిప్పుకున్నవాళ్ళలో ఒక్కరూ తప్పైందనలేదు. కాగితం మీద మాత్రం కొండ మకాంకు వెర్లా పేరు రాశారు.

బయలుదేరే రోజు ఆమె గుర్రానికి రికాబు ఎత్తి తగిలించి, ఒరను చేత్తో వెనక్కి జరిపి, పట్టీ బిగించింది. పశువుల దొడ్డి కమ్మీకి ఆనుకుని ఆరిన్ చూస్తున్నాడు. ఆమె నడుమునున్నది ఐదున్నర అంగుళాల కొత్తరకం. గుర్రం ఎక్కే ముందు ఆమె మూత తీసి గూళ్ళు తిప్పి చూసుకుంది. ఒకటి ఖాళీ.

"దాంట్లో ఆరు పెట్టొచ్చు. అదీ తెలీదా?" అన్నాడు.

"నువ్వు పెట్టుకో," అని వెర్లా గుర్రాన్ని గేటు వైపు తిప్పింది.