స్టుపిడ్ ఫాస్ట్

ఉద్యోగంలో నేను మొదటిసారి గర్వపడిన రోజునే నన్ను స్టుపిడ్ అన్నారు.

అన్నది అమెరికా నుంచి మా పని చూసే క్లయింట్. వాళ్ల వెబ్‌సైట్‌లో సరుకులు వెతికే పేజీ నత్తనడక నడిచేది. వారాల తరబడి దాని వెంటపడి, కన్ను మూసి తెరిచేలోగా వచ్చేటట్టు చేశాను. అది చూసి ఆవిడ మా గ్రూపులో ఒక్క ముక్క రాసింది: "దిస్ పేజ్ ఈజ్ స్టుపిడ్ ఫాస్ట్."

మా టీమ్ లీడ్‌ది చందానగర్. మంచివాడే కానీ, క్లయింట్ దగ్గితే ఈయనకు జ్వరం వస్తుంది. ఆ ముక్క చదివి నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఏంది గిట్ల చేసినవ్? ఆమెకు కోపమొచ్చింది. జర స్లో చెయ్యి."

ఫాస్ట్ అని కూడా ఉంది కదా అన్నాను. దాని ముందు ఏముందో చూడమన్నాడు. స్టుపిడ్ అంటే నాకు కడపలో మా లెక్కల సారు గుర్తొస్తాడు. అందుకని వాదించలేదు. పేజీ తెరుచుకునే ముందు కాసేపు ఉత్త చక్రం తిరిగేలా పెట్టాను. నేను వేసిన రోడ్డుకు నేనే స్పీడ్ బ్రేకర్ కట్టినట్టయింది. ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆఫీసు ఎదుట బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. లీడ్ ఒకటి కొరికి, కళ్లు తుడుచుకుంటూ, "పిచ్చ మంచిగున్నయ్" అన్నాడు.

ఆ మాట నేనూ రోజూ వాడేదే. ఆ పూట మాత్రం నమలడం ఆపేశాను. బజ్జీలకు పిచ్చేమిటని అడిగాను. పిచ్చి కాదు, చాలా అని అర్థం, ఆ మాత్రం తెలియదా అన్నాడు.

"ఆమె అన్న స్టుపిడ్ కూడా అట్లాంటిదేనేమోన్నా."

ఆయన సగం కొరికిన బజ్జీ పక్కన పెట్టి, ఫోన్ తీసి ఆ ముక్క మళ్లీ చదివాడు.

మర్నాడు క్లయింటే అడిగింది, అంత బాగున్న పేజీకి ఏం పట్టిందని. లీడ్ తప్పంతా ఏదో సర్వర్ మీదకు తోసేస్తాడనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ విరగబడి నవ్వింది. మెచ్చుకోలుగానే అన్నానని, నన్ను బాధపెట్టి ఉంటే క్షమించమని అడిగింది. చక్రం పీకేశాను.

లీడ్‌కు ఆ మాట తెగ నచ్చేసింది. ఆ ఏటి అప్రైజల్‌లో నా గురించి "స్టుపిడ్ సిన్సియర్" అని రాశాడు. హెచ్‌ఆర్ అమ్మాయి నన్ను లోపలికి పిలిచి, తలుపు మూసి, ఆయన మీద ఫిర్యాదు ఇస్తారా మేడమ్ అని మెల్లగా అడిగింది. నవ్వు ఆపుకోలేక మొహం చేతుల్లో దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పాపం, నీళ్ల సీసా మూత తీసి అందించింది.