కొమ్మ అడ్డం వేసిన బాట

మా ఆయనకు గుండెలో స్టెంట్ వేశాక మా ఇంట్లో అందరం డాక్టర్లమైపోయాం, ఆయనొక్కడే రోగి. మెట్టెక్కబోతే మరిది పరుగెత్తుకొచ్చేవాడు. బిందె మీద చెయ్యి వేస్తే తోడికోడలు లాక్కునేది. ఆయన గట్టిగా తుమ్మితే నిద్రలోంచి నేను లేచి కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇక మామూలు మనిషివే, నడువు, సైకిలు తొక్కు, మెల్లగా పొలం పని కూడా మొదలుపెట్టు అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మేం పెట్టిన భయం ఆయన లోపల స్టెంటు కంటే గట్టిగా కూర్చుంది. వేంసూరులో మామిడితోట, వరిచేను ఉన్న మనిషి వరండాలో కుర్చీ దిగడం మానేశాడు. ఎవరు పలకరించినా ముందు గుండె కబురే చెప్పేవాడు, ఆ తరువాతే మిగతా లోకం.

చూస్తూ ఊరుకోవడం నా ఒంట్లో లేదు. ఖమ్మం వెళ్లి గేర్ల సైకిళ్లు రెండు కొనుక్కొచ్చాను. ఈ వయసులో ఇదేం సోకు అని మా వాళ్లు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. కానీ రోడ్డు మీద ఆ సరదా నిలవలేదు. వెనక లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆయన చెయ్యి హ్యాండిల్ వదిలి గుండె మీదికి పోయేది. సైకిలు కాలవలోకి పోయేది. నాలుగు హారన్లకే నాకు వచ్చింది బీపీ.

టేకులపల్లిలో ఉన్న మా చెల్లెలు ఆ మాట విని, "మా దగ్గరికి రండి, అడవిలో బండ్ల బాటలున్నాయి. కారు పట్టదు, లారీ సంగతి చెప్పనక్కర్లేదు" అంది. అలా మొదలైంది. వీలైనప్పుడల్లా సైకిళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుని చెల్లెలింటికి పోవడం, పొద్దున్నే అడవిలోకి పోవడం.

ఆ బాటలు ఎవరూ కొలత పెట్టి వేసినవి కావు. ఎడ్లబండ్లు, పశువులు, తునికాకుకు పోయే మనుషులు కలిసి వేసినవి. బండి చక్రాలు కోసిన రెండు గాడులు, మధ్యలో గడ్డి. గుట్ట వస్తే దానితో పోట్లాడకుండా చుట్టూ తిరిగి వెళ్తాయి. టేకు చెట్ల కింద ఎండుటాకుల మీద తొక్కుతుంటే వెనక ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. హారన్ అనేదే లేని చోట మనిషి మెడ ఎంత తేలిగ్గా ఉంటుందో అక్కడే తెలిసింది నాకు. ఆయన చేతులు రెండూ హ్యాండిల్ మీద నిలిచాయి.

భయం మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే నేను పోనివ్వలేదు. ఎత్తు కనిపిస్తే చాలు "దిగండి" అనేదాన్ని. వాగు అడ్డమైతే రెండు సైకిళ్లూ నేనే మోసేదాన్ని. ఆయన ఒడ్డున చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మాట అంత బుద్ధిగా విన్నది లేదు. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చేది.

తొలకరి పడ్డ కొత్తల్లో ఒక పొద్దున కొత్త బాట పట్టాం. చాలాదూరం పోయాక దారికి అడ్డంగా పచ్చి నేరేడు కొమ్మ పడి ఉంది. గాలి లేదు, వాన లేదు, విరిగిన చెట్టూ లేదు. ఎవరో కట్టెలు మోసుకుపోతూ పారేసి ఉంటారు, ఇంత బుద్ధి లేకపోతే ఎలా అని తిట్టుకుంటూ దాన్ని ఈడ్చి పక్కన పడేశాను.

గుట్ట తిరగ్గానే చిన్న గూడెం. ఇళ్ల ముందు అలికి ముగ్గులు పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు నలుగురైదుగురు మాకు ఎదురొచ్చారు. వాళ్లలో వాళ్లు కోయభాషలో ఏదో అనుకుని, ఒకామె నా వైపు తిరిగింది.

"బాట మీద కొమ్మ ఉండె గదా అక్కా, కనవడలేదా?"

"ఎందుకు కనపడలేదూ! తీసి పక్కన పడేసే వచ్చాం" అన్నాను, ఏదో సాయం చేసినట్టు.

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. అంతలో ఊరి పూజారి వచ్చాడు. సన్నటి ముసలాయన, భుజాన తువ్వాల. ఆయన నవ్వలేదు.

"ఇయ్యాల ఇత్తనాల పండుగమ్మా. కొమ్మ అడ్డం ఏసినమంటే బైటోళ్లు రావొద్దని. వస్తే ఇగ మాతోటే ఉండాలె. పండుగ అయ్యేదాంక ఎవ్వలు పొలిమేర దాటొద్దు. దాటితే ఇత్తనం మొలవదు."

"మాకు తెలియక వచ్చాం పెద్దయ్యా."

"అవ్, తెల్వకనే వచ్చిన్రు. గందుకే తిట్టలే. కూసోండ్రి." అని, మా ఇద్దరి వయసూ చూసినట్టున్నాడు, "రోగమో నొప్పో ఉంటే చెప్పుండ్రి. దవాఖానాకు పోయేటోళ్లకు కట్టడి లేదు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. గుండె మాట ఒక్కటి చెబితే బయటపడతాం. నోరు తెరిచాను. నాకంటే ముందు మా ఆయన అన్నాడు.

"మాకేం రోగాల్లేవు పెద్దయ్యా."

నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు.

చింతచెట్టు కింద మగవాళ్ల మధ్య ఆయన్ని కూర్చోబెట్టి, ఏం పని చేస్తావని అడిగారు. "సేద్యం" అన్నాడు. అంతే, ఇంకో మాట కలపలేదు. మోదుగాకులు ఇస్తే విస్తర్లు కుట్టాడు. అవి వంకరగా వస్తే పక్కనున్నాయన ఆటపట్టించాడు, ఈయన కూడా నవ్వాడు. ఇంటింటి నుంచి జొన్నలు, వడ్లు, కందులు దోసెడు దోసెడు తెచ్చి ఆకుదొప్పలో పోస్తుంటే, వడ్లు నాలుగు తీసి అరచేతిలో నలిపి, ఊది, పంటి కింద కొరికి చూశాడు. మా పొలం గట్టు మీద ఆయన అలా కొరకడం చూసి ఎన్నాళ్లైందో.

డోళ్లు మోగాయి. దేవర దగ్గర ఏం చేశారో మమ్మల్ని దగ్గరికి పోనివ్వలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం దాటాక అందరూ ఊరి చేనులోకి నడిచారు. అక్కడ అరక కట్టి ఉంది. ఆ రోజు కట్టడిలో ఉన్న మగవాళ్లంతా తలో చాలు దున్నాలట, లేకపోతే పండుగ పూర్తి కాదట. ఒక్కొక్కరే వెళ్లి దున్ని వస్తున్నారు. చివరికి పూజారి మా ఆయన వైపు తిరిగాడు.

"సేద్యపోనివే గదా నాయనా. పట్టు అరక."

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఆయన రోగి, వదిలెయ్యండి అంటే ఎవరూ తప్పు పట్టరు. అప్పుడు ఆయన నా వైపు చూశాడు. బతిమాలడం కాదు, కోపమూ కాదు. ఈ ఊళ్లో నేనెవరో నువ్వొక్కదానివే ఎరుగుదువు, చెప్పకే, అన్నట్టు చూశాడు.

డాక్టరు ఒప్పుకున్న పనే ఇది, ఒప్పుకోనిది నేనే. ఆ మాట లోపల చెప్పుకుని, ముక్కోటి దేవతలకూ మొక్కి, నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఎడ్లు కొత్త మనిషిని పసిగట్టి పక్కకు లాగాయి. నాగలి వంకర పోయింది. ఆడవాళ్లు కేకలేసి నవ్వారు. ఆయన ఆగి, నాలుకతో చప్పుడు చేసి, నాగలి మేడి మీద బరువు వేశాడు. అక్కడి నుంచి చాలు తిన్నగా పోయింది. తడిమట్టి రెండు పక్కలా విరిగి పడుతుంటే ఆయన వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. చేను చివరిదాకా పోయి, తిప్పుకుని, వెనక్కి వచ్చాడు. వచ్చి నా పక్కన కూలబడి రొప్పుతున్నాడు.

"గుండె గట్టిగా కొట్టుకుంటోంది" అన్నాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"దున్నితే కొట్టుకోదా మరి?" అన్నాడు తనే, ఇచ్చిన జావ గటగటా తాగుతూ.

పొద్దు వాలుతుండగా పూజారి మమ్మల్ని పొలిమేర దాకా సాగనంపాడు.

"మీ చేతి సాలు కూడ ఉన్నది మా సేన్ల. ఎట్ల పండిందో కోతలకొచ్చి చూసిపోండ్రి."

"వస్తాం పెద్దయ్యా" అన్నాడు మా ఆయన. "నా చాలు నేనే కోస్తా."

కోతలకు ఇంకా ఎన్నో నెలలున్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మనిషి రేపు అనే మాట అనడానికే భయపడేవాడు. నాకు ఒక్కసారిగా దుఃఖం ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ముసలాయన కంగారుపడ్డాడు.

"ఏందమ్మా, ఏమైంది?"

"ఏం లేదు పెద్దయ్యా" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "కొడవలి మాత్రం మీరే ఇవ్వాలి. సైకిలు మీద తెచ్చుకోవడం కుదరదు."