అలక అనుకున్నది

వీధిలో ఆమెను అందరూ దండోరా అత్త అనేవారు. అటు చివర తన పళ్ల బండి దగ్గర ఆమె ధర చెబితే ఇటు చివర బేరం మొదలయ్యేది. ఇక మొగుడంటారా, పాత తలుపులు కొని, మేకులు పీకి, చెక్క అమ్ముకునే మేస్త్రి. నోట్లో నాలుకుందా అని అడగాలి. కోపమొస్తే మూతి బిగించుకుని కూర్చుంటాడు. అదొక్కటే ఆయన ఆయుధం.

తుప్పు మేకు అరికాల్లో దిగిన రోజు సూది వేయించుకోమని ఆమె పోరు పెట్టింది. "నీ నోటిని మించిన సూది ఉంటుందటే?" అని నవ్వేశాడు. గాయం మానింది. ఆ సంగతి ఇద్దరూ మరిచారు.

వారం తిరిగాక, తలుపులు వాకిలికి అడ్డం పెట్టాడని ఆమె నలుగురిలో కడిగి పారేసింది. మర్నాడు ఆయన అన్నం ముందు నోరు తెరవలేదు. "ఓహో, అలకా! నాకూ ఉంది రోషం" అని ఆమె కంచం తీసేసింది. సాయంత్రం చూస్తే పెదవులు రెండు పక్కలకీ లాగి, పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుంది. ఒళ్లు మండి అటు తిరిగి పడుకుంది. ఆ కళ్లలోకి ఒక్కసారి చూసి ఉంటే! చూడలేదు, పిచ్చిది. తెల్లారేసరికి ఆయన మెడా నడుమూ వెనక్కి విల్లులా వంగి ఉన్నాయి.

"ధనుర్వాతం," అన్నాడు డాక్టరు. "గాయంలో చేరిన క్రిమి విషం నరాల వెంట వెన్నుపాములోకి పాకింది. కండరాన్ని సడలమని నరం చెప్పే మాటను అక్కడే నొక్కేస్తోంది. ఇక బిగుసుకోవడమే. ముందు దవడ బిగుస్తుంది, తర్వాత మూతి నవ్వినట్టు లాగేస్తుంది, ఆపైన ఒళ్లంతా. చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా ఒళ్లు విరుచుకుపోతుంది. తెలివి మాత్రం పోదమ్మా, అన్నీ తెలుస్తుంటాయి."

అన్నీ తెలుస్తుంటాయి! అంటే కంచం తీసేసినప్పుడూ తెలిసిందన్నమాట. "ఏమయ్యా!" అని గొల్లుమంది. మంచం మీద ఆయన ఒళ్లు ఎగిరిపడింది. ఆమె రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ఆసుపత్రిలోని ఆ చీకటి గదిలో వారాల తరబడి గొంతుకి గొళ్లెం పెట్టుకుని కూర్చుంది.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఆయన ఇంటికొచ్చాడు. మళ్లీ మేకులు పీకుతున్నాడు. కానీ ఆయన నవ్వితే చాలు, ఆమె చేతిలో పని జారిపోతుంది. పరుగున వచ్చి గడ్డం పట్టుకుంటుంది.

"నోరు తెరువు."

"నవ్వానే, అంతే."

"తెలుసు. తెరువు."

ఎవరు చూస్తున్నా సరే, ఆయన నోరు బార్లా తెరుస్తాడు.

"ఇంకా," అంటుంది ఏడుస్తూ. "అలిగితే చెప్పి అలుగయ్యా. నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పి అలుగు."