మాట మీద పక్కన పెట్టిన పత్తి గింజలు

నా మొదటి ఉద్యోగం జనగామలో, ఒక విత్తనాల దుకాణంలో. ఆ దుకాణం సేటుకే మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి ఉండేవి. మూడింట్లోనూ మూడు రకాల సాఫ్ట్‌వేర్. ఎక్కడ ఏ సరుకుందో తెలియాలంటే ఫోన్ చేయాల్సిందే. ఫోనంటేనే బెదిరిపోయే నాకు ఆ అవసరం తప్పించే పని అప్పగించారు.

మూడింటికీ మధ్య ఒక ఉమ్మడి సందేశాల పెట్టె లాంటిది తయారుచేశాను. ఒక దుకాణంలో ఏది అమ్ముడైనా అక్కడి కంప్యూటర్ ఆ కబురు అందులో వేస్తుంది. మిగతా రెండూ తీసుకుంటాయి. భూపాలపల్లి నుంచి మొదటి కబురు వచ్చిన రోజున డైరీలో రెండు పేజీలు నింపాను. ఆ సంతోషం మళ్లీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే బచ్చన్నపేట నుంచి ఒక అవ్వ పత్తి గింజల కోసం వచ్చింది. మా గుమస్తా గోడౌన్‌లోకి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"నెల కిందనే చెప్పిపోతి గద కొడుకా. పక్కన పెడ్త అన్నవు."

"పెట్టిననే అవ్వా. గీ బిడ్డ కంప్యూటర్ భూపాలపల్లికి పంపింది."

తెలిసిన రైతులకు ఆయన మాట మీద ప్యాకెట్లు పక్కన పెట్టేవాడు. ఎక్కడా రాసేవాడు కాదు. కంప్యూటర్‌కు అవి అమ్ముడుపోని సరుకే. అది చూసి భూపాలపల్లి వాళ్లు అడిగారు. ఆ పొద్దున ఆయన రాకముందే హమాలీలు వ్యానుకెక్కించారు.

"వేరే రకం ఇయ్యనా?"

"మా నేలకు గదే పడుతది. రేపటికి వాన పదును ఆరిపోదా?" అని అవ్వ నా వైపు తిరిగింది. "నా మాట దానికి చెప్పలే బిడ్డా?"

చెప్పలేదు. అది నాకే తెలియదు. వ్యాను డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

"రఘునాథపల్లిల చాయ్ తాగుతున్న. అరె అక్కా, నీకు మాటలు గూడ వస్తయా?"

వెనక్కి రమ్మని చెప్పి, భూపాలపల్లి దుకాణంలోని అక్కకూ చేశాను. తిడుతుందనుకున్నాను.

"మా దిక్కు ఇంకా చినుకే లేదు చెల్లే. అవ్వకే ఇయ్యి. మాకు ఎనుక పంపు."

అంతవరకు మా సందేశాల్లో వాన కబురు ఎన్నడూ రాలేదు.

మధ్యాహ్నానికి అవ్వ ప్యాకెట్లు ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆమె వెళ్లాక సందేశాల్లో కొత్తది ఒకటి చేర్చాను: అమ్ముడు కాలేదు, కానీ ఒకరిది. ఎవరెవరికి మాటిచ్చాడో గుమస్తా గోడ వైపు చూస్తూ ఒక్కొక్క పేరే చెప్పాడు. ఊరి పేరు, రకం, ఎన్ని ప్యాకెట్లు. ఒక్కసారీ తడుముకోలేదు. నేనే ఆ వేగానికి టైపు చేయలేక ఆగమన్నాను.